అబిడ్స్‌లో దొరికిన పాత డికెన్స్ నవల: చివరి పేజీ ఎవరో చేత్తో రాసి అతికించారు

అంబర్‌పేట అరుణ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత ఈ రోజు పొద్దున్నే అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారుకి వెళ్లాను. జీపీవో వైపు నుంచి నడుస్తుంటే, మూసి ఉన్న ఒక చెప్పుల షాపు షట్టర్ ముందు పరిచిన ఎంసెట్ గైడ్ల కింద నుంచి ఒక చిన్న పుస్తకం మూల కనిపించింది. లాగి చూస్తే డికెన్స్ రాసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'. ఎవ్రీమాన్స్ లైబ్రరీ అనే ఇంగ్లీషు సిరీస్‌లో వచ్చిన ప్రతి. అరచేతిలో పట్టేంత సైజు, వెలిసిపోయిన ఆకుపచ్చ గుడ్డ అట్ట. నూట యాభై అన్నాడు, ఎనభైకి ఇచ్చాడు.

ఇంటికొచ్చి తీరిగ్గా విప్పి చూశాక నాకు నిద్ర పట్టేలా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పేజీలో కోడిగుడ్డు ఆకారంలో ఊదా రంగు ముద్ర ఉంది. ఒక బాలికల పాఠశాలది. పేరు ఇక్కడ పెట్టను. దాని కింద కలంతో '12 బహ్మన్ 1354 ఫ.' అని రాసి ఉంది. వెనక అట్ట లోపల పెన్సిల్‌తో 'ఓ.ఎస్. 3-8-0' అని ఉంది. రెండూ నాకు అర్థం కాలేదు.

లోపల మార్జిన్లలో సన్నటి పెన్సిల్‌తో తెలుగులో అర్థాలు రాసి ఉన్నాయి. గుండ్రటి, పొందికైన చేతిరాత. మొదటి అధ్యాయంలో పారిపోయి వచ్చిన ఖైదీ పిప్ అనే పిల్లవాడిని 'ఫైల్' తెమ్మంటాడు కదా, పక్కన 'ఆకురాయి' అని ఉంది. నాకైతే ఆ మాట తట్టేదే కాదు. 'విటిల్స్' అన్నచోట ముందు ప్రశ్నార్థకం పెట్టి, తర్వాత దాన్ని కొట్టేసి 'తిండి' అని రాశారు. రెండో అధ్యాయంలో పిప్ అక్క మొగుడు జో పేరు వచ్చిన చోట 'బావ' అని ఉంది.

ఇక అసలు సంగతి. చివరి పేజీ లేదు. దాని చోట ఒక రూళ్ల కాగితం అతికించి, నవల ముగింపుని నీలం బాల్‌పెన్నుతో ఇంగ్లీషులో ఎత్తి రాశారు. ఇది వేరే చేతిరాత, పక్కకు వాలుగా ఉంది. అడుగున తెలుగులో రెండు వాక్యాలు ఉన్నాయి: 'చివరి పేజీ పోయింది. ఇంకో పుస్తకం చూసి ఎత్తి రాశాను.'

నా ప్రశ్నలు: ఆ తేదీ ఏంటి? స్కూలు ముద్ర ఉంది కాబట్టి ఇది దొంగతనంగా బయటికొచ్చిన పుస్తకమా? అట్ట ఊడిపోయేలా ఉంది, బైండింగ్ చేయించవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

హాలీసిక్కా | ఆదివారం, రాత్రి 9:50

అరుణగారూ, 'ఫ.' అంటే ఫసలీ. నిజాం రాజ్యంలో సర్కారు కాగితాలన్నీ ఆ లెక్కలోనే నడిచేవి. పంటల శిస్తు కోసం పుట్టిన సంవత్సరం అది. హైదరాబాద్‌లో అక్టోబర్ మొదట్లో 'ఆజుర్' నెలతో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1354కి 590 కలపండి: 1944. ఆజుర్, దై, బహ్మన్: మూడో నెల. అంటే మీ పుస్తకం స్కూల్లో చేరింది 1944 డిసెంబర్‌లో.

ఓ.ఎస్. అంటే ఉస్మానియా సిక్కా, జనం హాలీ సిక్కా అనేవాళ్లు. 3-8-0 అంటే మూడు రూపాయల ఎనిమిది అణాలు, పైలు లేవు. బ్రిటిష్ ఇండియా రూపాయిని మనవాళ్లు కల్దార్ అనేవాళ్లు. సుమారుగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. మీ మూడున్నర హాలీకి సరిగ్గా మూడు కల్దార్లు. బయటి నుంచి వచ్చిన సరుకు కాబట్టి కొట్టువాడు కల్దార్లలో లెక్క కట్టి హాలీలోకి మార్చి ఉంటాడు.

ఇంకొక మాట. అప్పట్లో రాజ్యంలో రాజభాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలోనే. తెలుగు పుస్తకం చదువుకోవడానికి జనం సొంతంగా గ్రంథాలయాలు పెట్టుకున్నారు. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లోనే వచ్చింది. అలాంటి రోజుల్లో ఒక ఆడపిల్ల ఇంగ్లీషు నవల పక్కన తెలుగులో 'ఆకురాయి' అని రాసుకుందంటే నాకు చాలా ముచ్చటేసింది.

సికింద్రాబాద్ శ్రీను | ఆదివారం, రాత్రి 10:25

పేరు పేజీ వెనక చూడండి, యుద్ధకాలపు కాగితం పొదుపు నియమాల ప్రకారం ముద్రించామని ఒక వాక్యం ఉంటుంది. 1942 నుంచి యుద్ధం అయ్యాక కూడా కొంతకాలం ఇంగ్లండ్ పుస్తకాల మీద అది కనిపిస్తుంది. కొన్నిటి మీద పుస్తకంపై కూర్చున్న సింహం బొమ్మ వేసేవాళ్లు. కాగితం పల్చగా, మార్జిన్లు ఇరుకుగా ఉంటాయి.

పాత పుస్తకం వయసు కట్టడానికి నేను చూసేవి ఇవి. ధర షిల్లింగుల్లో ఉంటే 1971 ఫిబ్రవరికి ముందుది. 'నయా పైసలు' అని ఉంటే 1957కీ 1964కీ మధ్యలోది. షాపు స్టిక్కర్ మీద ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాత అతికించింది. ఐఎస్‌బీఎన్ పదమూడు అంకెలుగా మారింది 2007లో. 'హైదరాబాద్ దక్కన్' అని ఉన్న స్టిక్కర్ కనిపిస్తే మాత్రం నేను బేరం ఆడను.

ఎనభైకి మంచి పుస్తకమే దొరికింది. కానీ ఒక ఆకు లేదు కాబట్టి తిరిగి అమ్మితే ఏమీ రాదు.

అంబర్‌పేట అరుణ | ఆదివారం, రాత్రి 10:41

శ్రీనుగారూ, ఆ వాక్యం ఉంది! అమ్మే ఆలోచన లేదండీ.

మేడ్చల్ మైత్రి | సోమవారం, ఉదయం 7:30

అక్కా, నేను డిగ్రీ సెకండియర్. ఈ నవల మాకు సిలబస్‌లో ఉంది. పోయిన నెల ఆన్‌లైన్‌లో 'వెరీ గుడ్ కండిషన్' అని చూసి ఒక పాత కాపీ తెప్పించుకున్నాను. వచ్చిన పుస్తకంలో నలభై పేజీలు తలకిందులుగా కుట్టి ఉన్నాయి, మధ్యలో చెదలు తిన్న బొరియ ఉంది. వాపస్ తీసుకోమని మూడుసార్లు అడిగితే సెకండ్ హ్యాండ్ కాబట్టి వాపస్ తీసుకోం అన్నారు. చాలా బాధేసింది. మీరు చివరి పేజీ లేకపోయినా ఇంత సంతోషంగా ఉన్నారు, అందుకే రాయాలనిపించింది. కొనేముందు ఏం చూసుకోవాలో చెబుతారా?

సికింద్రాబాద్ శ్రీను | సోమవారం, ఉదయం 8:05

మైత్రీ, అందుకే పాత పుస్తకం చేత్తో పట్టుకుని కొనాలంటాను. ముందు చివరి పేజీ, తర్వాత మొదటి పేజీ. ఎక్కువగా ఊడేవి అవే. ఆ తర్వాత పుస్తకాన్ని నిలబెట్టి పైనుంచి చూడు, ఫారాల్లో, అంటే మడిచి కుట్టిన పేజీల కట్టల్లో, ఏదైనా లోపలికో బయటికో జరిగి ఉంటే కుట్టు తెగినట్టు. పేజీ నంబర్లు పదహారేసి చొప్పున గబగబా తిప్పు. వెన్ను దగ్గర ముక్కు పెట్టి వాసన చూడు. పాత కాగితం వాసన వేరు, తేమ పట్టిన వాసన వేరు. తేమ వాసన వస్తే ఎంత చవకైనా ఇంటికి తేకు, మిగతా పుస్తకాలకూ బూజు అంటుకుంటుంది. అట్ట లోపలి నుంచి సన్నటి పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉందని.

అబిడ్స్‌కైతే పొద్దున పదకొండు లోపు వెళ్లు. వానాకాలంలో మబ్బు పడితే వాళ్లు టార్పాలిన్ కప్పేస్తారు, ఇక ఏదీ చూడనివ్వరు.

ఇంగ్లీష్ మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1:15

అరుణగారూ, నాదొక చిన్న కోరిక. ఆ చేతిరాత కాగితంలో చిట్టచివరి వాక్యం ఏముందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పెట్టగలరా? ముఖ్యంగా 'షాడో' అనే మాట చుట్టూ ఏముందో.

అంబర్‌పేట అరుణ | సోమవారం, సాయంత్రం 6:48

మాస్టారూ, ఇప్పుడే బడి నుంచి వచ్చి చూశాను. 'ఐ సా ద షాడో ఆఫ్ నో పార్టింగ్ ఫ్రమ్ హర్' అని ఉంది.

ఇంగ్లీష్ మాస్టారు | సోమవారం, రాత్రి 8:30

నేను అనుకున్నదే అయింది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

డికెన్స్ ఈ నవలను తన వారపత్రిక 'ఆల్ ద ఇయర్ రౌండ్'లో 1860 డిసెంబర్ 1 నుంచి 1861 ఆగస్టు 3 వరకు 36 వారాలు సీరియల్‌గా వేశాడు. అంతకుముందు పత్రికలో నడుస్తున్న వేరొకరి సీరియల్ జనానికి ఎక్కక అమ్మకాలు పడిపోతుంటే, ఆ లోటు పూడ్చడానికి తనే రంగంలోకి దిగాడు.

మొదట రాసుకున్న ముగింపు మనం చదివేది కాదు. అందులో పిప్ ప్రేమించిన ఎస్టెల్లా మొదటి భర్త చనిపోతాడు, ఆమె ఒక డాక్టర్ని మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. లండన్ వీధిలో పిప్ తన బావ జో కొడుకుని వెంటబెట్టుకుని వెళ్తుంటే ఆమె బండి ఆపి పిలుస్తుంది. ఆ పిల్లవాడు పిప్ కొడుకే అనుకుని ముద్దు పెట్టుకుంటుంది. పిప్ కాదనడు. రెండు మాటలు మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. అంతే.

అచ్చుకి ముందు ఇది చదివిన స్నేహితుడు బుల్వర్ లిట్టన్, ఇలా ముగించొద్దని పట్టుబట్టాడు. డికెన్స్ మార్చాడు. ఎస్టెల్లా పెరిగిన, కూలిపోయిన పాత ఇంటి తోటలో, మంచు తేలిపోతున్న సాయంత్రం, ఇద్దరూ చేతులు పట్టుకుని బయటికి నడిచే ముగింపు అలా వచ్చింది. పాత ముగింపు లోకానికి తెలిసింది డికెన్స్ పోయాక, ఆయన స్నేహితుడు ఫార్‌స్టర్ రాసిన జీవిత చరిత్రలో.

ఇప్పుడు మీ వాక్యం. చేతిరాత ప్రతిలో డికెన్స్ రాసింది 'ఎడబాటు నీడేదీ కనబడలేదు, ఒక్కటి తప్ప' అని. ఆ ఒక్కటీ చావు. అచ్చులోకి వచ్చేసరికి 'ఒక్కటి తప్ప' తీసేశాడు. 1861లో పుస్తకంగా వచ్చినప్పుడు ఉన్న పాఠం సరిగ్గా మీ కాగితం మీద ఉన్నదే. 1862లో మళ్లీ మార్చి 'ఐ సా నో షాడో ఆఫ్ అనదర్ పార్టింగ్ ఫ్రమ్ హర్' అన్నాడు, అంటే 'ఆమె నుంచి మరో ఎడబాటు నీడ నాకు కనబడలేదు' అని. చాలాకాలం చాలా ప్రతుల్లో నడిచింది ఇదే.

1861 పాఠాన్ని తీసుకున్న ప్రతులు మామూలు చదువరి చేతికి ఎక్కువగా వచ్చింది 1990లలో. పెంగ్విన్ క్లాసిక్స్ 1996లో వేసిన ప్రతి అలాంటిదే. బాల్‌పెన్ను, రూళ్ల కాగితం కూడా కలిపి చూస్తే, ఎత్తి రాసినవాళ్లు 1944 నాటి పిల్ల కాదు. సుమారు యాభై ఏళ్ల తర్వాతి మనిషి అని నా అంచనా.

చిక్కడపల్లి చదువరి | సోమవారం, రాత్రి 9:20

మాస్టారూ, వివరాలు బాగున్నాయి, కానీ మార్చిన ముగింపు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నవలంతా పిప్ తన ఆశలు ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటూ మనిషవుతాడు. చివర్లో ఎస్టెల్లాని చేతిలో పెట్టేస్తే మొదటి ఆశ నెరవేరినట్టే కదా? వీధిలో రెండు నిమిషాలు కలిసి విడిపోవడమే నిజమైన ముగింపు. 1937లో బెర్నార్డ్ షా తన సంపాదకత్వంలో వచ్చిన ప్రతిలో పాత ముగింపునే పెట్టాడు.

ఇంగ్లీష్ మాస్టారు | సోమవారం, రాత్రి 9:55

బాబూ, మీరనే మాట వయసులో ఉన్నప్పుడు నేనూ అనేవాణ్ని. కానీ డికెన్స్ ఎక్కడా వాళ్ల పెళ్లయిందని రాయలేదు. 'నీడ నాకు కనబడలేదు' అన్నాడంతే. ఆ పిప్ కళ్లకు కనబడనివి ఆ నవలలో ఎన్ని లేవు! తన డబ్బు ఎవరిదో కనబడలేదు, బావ మనసు కనబడలేదు. అలాంటివాడు చెప్పే ఆఖరి మాటని అట్లాగే నమ్మాలని లేదు. నాకు మార్చిన ముగింపే ఇష్టం. అందులోనూ మీరు పుట్టకముందు నుంచి చదువుతున్న 1862 వాక్యమే ఇష్టం.

రిటైర్డ్ లైబ్రేరియన్ | మంగళవారం, ఉదయం 10:10

అరుణమ్మా, ముద్ర సంగతి నేను చెబుతాను. ముప్ఫై ఏళ్లు ఆ పనే చేశాను.

స్కూలు ముద్ర ఉన్నంత మాత్రాన దొంగ పుస్తకం కాదు. పాతబడి చిరిగిన వాటిని, ఎవరూ తీసుకోని వాటిని ఏటా జాబితా రాసి రిజిస్టర్‌లో కొట్టేసి తీసేస్తాం. తీసేసిన పుస్తకం మీద ఇంకో ముద్ర వేయాలి. చాలాచోట్ల బద్ధకించి వెయ్యరు, అది వేరే సంగతి. ముద్రలు పేరు పేజీ మీదే కాదు, లోపల ఒక పేజీలో కూడా ఉంటాయి. దాన్ని సీక్రెట్ పేజీ అంటాం. ఒక్కో లైబ్రరీ ఒక్కో నంబర్ పెట్టుకుంటుంది. ఆ లైబ్రరీ పుస్తకాలన్నిటిలో అదే పేజీ మీద ముద్ర పడుతుంది. ఎవరైనా మొదటి పేజీ చింపేసినా దొరికిపోవాలని ఆ ఏర్పాటు. ఇరవై నుంచి నూట యాభై దాకా ఒక్కో పేజీ చూడు. ముద్ర పక్కన కొట్టేసిన గీత గానీ 'విత్‌డ్రాన్' అని గానీ ఉంటే ఏ దిగులూ లేదు. లేకపోతే ఆ స్కూలుకి ఒక ఫోన్ చెయ్యి. అడిగితే పోయేదేముంది?

బైండింగ్ వెంకట్ | మంగళవారం, మధ్యాహ్నం 3:40

మేడమ్, మా నాన్నది బైండింగ్ పని, నేనూ అందులోనే పెరిగాను. బైండింగ్ చేయించే ముందు ఒక్క మాట వినండి. మామూలు బైండర్‌కి ఇస్తే వెన్ను గీకేసి, మూడు వైపులా కటింగ్ మిషన్ పెట్టి సాపు చేసేస్తాడు. మీ పుస్తకం మార్జిన్ ఇరుకు అంటున్నారు. కటింగ్ పడితే ఆ పెన్సిల్ రాతలు పోతాయి. 'కటింగ్ వద్దు' అని ముందే చెప్పాలి, పుస్తకం మీద చీటీ కూడా అంటించాలి.

ఫారాలు విడగొట్టకుండా కుట్టు ఎక్కడ తెగిందో అక్కడే దారం వేసి బిగించవచ్చు. కొత్త అట్ట వద్దు, ఆ ఆకుపచ్చ గుడ్డనే వెన్ను దగ్గర లేపి, కింద కొత్త కాలికో గుడ్డ వేసి మళ్లీ అతికిస్తారు. శికంజాలో, అంటే బైండింగ్ ప్రెస్‌లో, ఒక రాత్రి బిగిస్తే చాలు. సెల్లోటేప్ మాత్రం ముట్టుకోకండి. కొన్నేళ్లకి పసుపు జిగురు కాగితంలోకి దిగి, టేపు ఊడిపోయినా మచ్చ పోదు. మేము మైదా జిగురు ఉడకబెట్టి, పురుగు పట్టకుండా కొంచెం మైలుతుత్తం వేస్తాం.

ఆ చేతిరాత కాగితాన్ని మాత్రం ఊడదీయించకండి.

రిటైర్డ్ లైబ్రేరియన్ | మంగళవారం, సాయంత్రం 5:00

వెంకట్, అన్నీ సరిగ్గా చెప్పావు నాయనా, ఒక్క మైలుతుత్తం తప్ప. ఆఫీసు రిజిస్టర్లకీ లెడ్జర్లకీ పనికొస్తుంది గానీ, యుద్ధకాలపు కాగితానికి వద్దు. అది అసలే నాసిరకం గుజ్జు, లోపల ఉన్న పులుపే దాన్ని తినేస్తుంటుంది. రాగి చేరితే ఇంకా త్వరగా పెళుసెక్కుతుంది. ఉత్త గోధుమ పిండి జిగురు పల్చగా రాస్తే చాలు. పురుగు భయానికి బీరువాలో ఎండిన వేపాకు, గుడ్డలో కట్టిన వస కొమ్ము పెట్టుకో అరుణమ్మా. ఎండలో ఆరబెట్టొద్దు, నీడలో ఫ్యాన్ కింద చాలు. ప్లాస్టిక్ కవర్లో బిగించి కూడా పెట్టొద్దు, వానాకాలం తేమంతా లోపలే ఉండిపోతుంది.

బైండింగ్ వెంకట్ | మంగళవారం, సాయంత్రం 5:25

సరే మేడమ్, మీ మాటే ఖాయం. మాకు వచ్చేవన్నీ లెడ్జర్లే కాబట్టి అలవాటుగా చెప్పేశాను. అరుణ మేడమ్ తెస్తే మైలుతుత్తం లేకుండానే చేయిస్తాను.

మేడ్చల్ మైత్రి | బుధవారం, ఉదయం 7:10

అక్కా, రెండో అధ్యాయంలో 'బ్రాట్ అప్ బై హ్యాండ్' అని వస్తుంది కదా, మీ పుస్తకంలో ఆ అమ్మాయి దానికి ఏమని అర్థం రాసింది? మా గైడ్‌లో 'స్వయంగా పెంచింది' అని ఉంది.

అంబర్‌పేట అరుణ | బుధవారం, రాత్రి 9:30

మైత్రీ, అక్కడ 'చేత్తో పెంచుట? కొట్టియా?' అని ఉంది. తనకీ అనుమానం వచ్చింది! 'టిక్లర్' పక్కన 'బెత్తము' అని, కింద రెండు గీతలు. ఎనిమిదో అధ్యాయంలో ఎస్టెల్లాని పెంచిన మిస్ హావిషామ్ ఇంట్లో గడియారాలన్నీ తొమ్మిదికి ఇరవై నిమిషాల దగ్గర ఆగిపోయిన చోట '8-40' అని రాసి చుట్టూ సున్నా చుట్టింది. పేకాటలో 'నేవ్' అన్నదానికి 'గులాం'.

ఇంగ్లీష్ మాస్టారు | బుధవారం, రాత్రి 10:15

ఆ పిల్ల అనుమానం సరైనదే. తల్లిపాలు లేని పసివాణ్ని చెంచాతోనో సీసాతోనో పాలు పట్టి పెంచడాన్ని అప్పట్లో 'బై హ్యాండ్' అనేవాళ్లు. ఊరంతా పిప్‌ని పెంచిన అక్కగారిని ఆ మాటతో పొగుడుతుంటారు. పిప్‌కి తెలిసింది మాత్రం ఆమె చెయ్యి ఎంత బరువో అన్నదే, అందుకని కొట్టి పెంచడమే దాని అర్థం కాబోలు అనుకుంటాడు. 'పోతపాలు' అంటే మొదటి అర్థం వస్తుంది గానీ చెయ్యి పోతుంది. 'నా చేతుల మీద పెంచాను' అంటే కొంతవరకు రెండూ వస్తాయేమో. తెన్నేటి సూరిగారు 'రెండు మహానగరాలు'గా డికెన్స్ ఇంకో నవలని తెలుగులోకి తెచ్చారు. ఈ నవలకి ఆయన చెయ్యి పడి ఉంటే ఈ మాటని ఏం చేసేవారా అని చాలాసార్లు అనుకున్నాను.

'గులాం' కూడా చూడండి. పిప్ దాన్ని 'జాక్' అన్నాడని ఎస్టెల్లా మోటువాడివంటూ ఎగతాళి చేస్తుంది. మన ఊరి పేకాటలో అది గులాం, అంటే బానిస. ఆ పూటంతా పిప్‌ని ఆమె చూసిన చూపు ఆ మాటలో ఉంది.

సికింద్రాబాద్ శ్రీను | గురువారం, ఉదయం 8:20

నాకు బాగా నచ్చింది 'బావ'. ఇంగ్లీషులో 'బ్రదర్ ఇన్ లా' అంటే చట్టం మాటే వినిపిస్తుంది. అక్క పిప్ కంటే ఇరవై ఏళ్లకు పైగా పెద్దది. అంటే జో తండ్రి వయసువాడు. అయినా అన్నం దగ్గర ఇద్దరూ రొట్టె ముక్కలు కొరికి ఒకరికొకరు చూపించుకుంటారు. 'బావ' అంటే ఆ చనువంతా వచ్చేస్తుంది. మా పెద్దబావ నన్ను అట్లాగే చూసేవాడు.

అంబర్‌పేట అరుణ | శనివారం, రాత్రి 8:55

ఆలస్యమైంది, క్షమించండి. లైబ్రేరియన్ అమ్మగారూ, మీరు చెప్పినట్టే వెతికాను. 51వ పేజీ అడుగున అదే ఊదా ముద్ర, దాని మీద అడ్డంగా ఎర్ర సిరా గీత, పక్కన చిన్న సంతకం ఉన్నాయి. స్కూలుకి ఫోన్ కూడా చేశాను. పాత భవనం ఖాళీ చేసినప్పుడు పాత పుస్తకాలన్నీ తీసేశామని, అది చాలా ఏళ్ల కిందటి మాట అని ఆఫీసులో చెప్పారు. మనసు తేలికైంది.

కానీ ఇంకో దిగులు పట్టుకుంది. రోజూ రాత్రి కొన్ని అధ్యాయాలు ఆ పెన్సిల్ వెంటే చదువుతూ వచ్చాను. 19వ అధ్యాయంతో, పిప్ ఊరు వదిలి లండన్ బండెక్కడంతో, అది ఆగిపోయింది. తర్వాత నలభై పేజీలు తిప్పాను, ఒక్క మాట లేదు. ఆ అమ్మాయి అక్కడే చదవడం మానేసిందా? ఆ రోజుల్లో ఆడపిల్లలకు చదువు మధ్యలో ఆపించి పెళ్లి చేసేవాళ్లు కదా. చదవడానికి కూర్చుంటే అదే ఆలోచన.

చిక్కడపల్లి చదువరి | శనివారం, రాత్రి 9:30

అరుణగారూ, వేరేలా కూడా ఆలోచించండి. 19వ అధ్యాయంతో నవల మొదటి భాగం అయిపోతుంది, అక్కడే 'మొదటి దశ ముగిసింది' అని రాసి ఉంటుంది. పాఠంగా పెట్టింది అంతవరకేనేమో. నేను సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదువుతాను. అక్కడి పుస్తకాల్లో కూడా గీతలు సిలబస్ ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగుతాయి.

రిటైర్డ్ లైబ్రేరియన్ | శనివారం, రాత్రి 9:48

లేదా అర్థాలు రాసుకునే అవసరం పోయి ఉంటుంది. కొత్త భాషలో పెద్ద పుస్తకం చదివేవాళ్లని చాలామందిని చూశాను. మొదటి నూట యాభై పేజీలు మాట మాటకీ ఆగుతారు, తర్వాత కథ పట్టుకుని లాక్కుపోతుంది. ఇక పెన్సిల్ ఎక్కడ పెట్టారో కూడా గుర్తుండదు. నువ్వు చివరిదాకా చదువమ్మా, పేజీలు తిప్పి వదిలెయ్యకు.

హాలీసిక్కా | ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఈ రోజు నేనూ అబిడ్స్ వెళ్లాను. అరుణగారు చెప్పిన ఆనవాళ్లతో ఆ షట్టర్ ముందు భాయ్‌ని పట్టుకుని అడిగాను. ఆ కట్ట కబాడీ దగ్గర కిలోల లెక్కన కొన్నానని, ఏదో ఇల్లు ఖాళీ చేస్తే వచ్చిందని, అంతకుమించి తెలియదని అన్నాడు. మిగిలిన కట్టంతా కిందమీద వేసి చూశాను. ఆ వాలు చేతిరాతతో ఇంకేమీ దొరకలేదు.

అంబర్‌పేట అరుణ | తర్వాతి శుక్రవారం, రాత్రి 11:35

ఇప్పుడే నవల పూర్తిచేశాను. నిద్రపోయే ముందు ఇది రాసేయాలి.

20వ అధ్యాయం నుంచి ప్రతి పేజీని దీపం కింద వంచి చూస్తూ చదివాను. 30, 40, 50 అధ్యాయాలు దాటాయి, ఏమీ లేదు. 57వ అధ్యాయానికి వచ్చాను. పిప్ అప్పులపాలై, జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉంటాడు. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన జో ఉంటాడు. అన్నేళ్లు తనని తక్కువగా చూసిన పిల్లవాడికి పసివాడికి చేసినట్టు సేవ చేస్తాడు. పిప్ కోలుకుంటున్న కొద్దీ జో మళ్లీ 'సర్' అనడం మొదలుపెడతాడు. ఒక రోజు పొద్దున పిప్ లేచి చూస్తే జో లేడు. టిఫిన్ బల్ల మీద తప్పుల తడక ఇంగ్లీషులో చిన్న చీటీ ఉంటుంది, దాని లోపల పిప్ బాకీ అంతా కట్టేసిన రసీదు ఉంటుంది. చీటీ కింద 'ఎవర్ ద బెస్ట్ ఆఫ్ ఫ్రెండ్స్' అని ఒక్క ముక్క.

ఆ ముక్క పక్కన, వెన్ను దగ్గరి లోపలి మార్జిన్‌లో, పుస్తకం బాగా విప్పితే తప్ప కనబడనంత లోతుగా, అదే గుండ్రటి చేతిరాత ఉంది. పెన్సిల్ గట్టిగా నొక్కి రాయడం వల్ల అవతలి పేజీలోకి అచ్చు దిగింది. అర్థం కాదు, ప్రశ్న కాదు. ఒక్కటే మాట.

'బావ.'

వెంకట్‌గారూ, ఆదివారం పుస్తకం తీసుకుని వస్తాను. వెన్ను దగ్గర దారం వేసేటప్పుడు 57వ అధ్యాయం ఉన్న ఫారం కుట్టు లోపలికి పోకుండా చూడాలి. నేను పక్కనే కూర్చుంటాను.